మామయ్య కంపెనీ జాబితాలో అమ్మ పేరు

ఈ వారం ఉత్తరం పెద్దది. రాసినవారు పేరూ ఊరూ బయటపెట్టవద్దన్నారు. గుర్తుపట్టే ఆనవాళ్లు తీసేసి సారాంశం ఇస్తున్నాను.

ఆమెకు ముప్పై ఆరేళ్లు. తండ్రి వ్యాపారం దెబ్బతిన్న రోజుల్లో ఫీజులు కట్టి చదివించింది మేనమామ. తొమ్మిదేళ్లుగా ఆయన కంపెనీలోనే ఉద్యోగం. వివరాలు పోగుచేసి అమ్మడం ఆ కంపెనీ వ్యాపారం. ఒక విభాగం సంస్థల వివరాలు అమ్ముతుంది: ఏ సంస్థ ఏ సరుకు చేస్తుంది, ఎందరు పనిచేస్తారు, కొనుగోళ్లు ఎవరు చూస్తారు. రెండో విభాగం ఇళ్ల వివరాలు అమ్ముతుంది: వయసు, కుటుంబంలో ఎందరున్నారు, సొంత ఇల్లా అద్దె ఇల్లా, ఆదాయం సుమారుగా ఎంత, దేనిమీద ఆసక్తి. ఆమె పని రెండో విభాగంలో. ఒకే మనిషి రెండుచోట్ల పడితే కలపడం, చనిపోయినవారి పేర్లు తీసేయడం, కొనేవారు అడిగిన ఎంపిక ప్రకారం జాబితా తీసి పంపడం.

నిరుడు ఒక ఆర్డరు వచ్చింది. డెబ్బై దాటినవారు, ఒంటరిగా ఉంటున్నవారు, బహుమతి పోటీలకు అంతకుముందు కనీసం రెండుసార్లు జవాబిచ్చినవారు కావాలన్నారు. పదకొండు వేల పేర్లు తేలాయి. ఒక మధ్యాహ్నంలో పని ముగించి పంపేశారు. రెండు నెలలకు అదే కొనుగోలుదారు ఆ జాబితాలో కొన్ని పేర్ల పక్కన ‘డబ్బు కట్టారు’ అని గుర్తుపెట్టి తిరిగి పంపాడు. ఇలాంటివాళ్లనే మరికొందరిని వెతికి ఇవ్వమన్నాడు.

ఆ నెలలోనే వాళ్లమ్మగారు ఫోనులో మాటల మధ్య ఒక సంగతి చెప్పారు. తనకేదో బహుమతి వచ్చిందట. నమోదు ఖర్చులకని రెండుసార్లు డబ్బు కూడా పంపారట. బహుమతి రాలేదు, ఫోన్లు మాత్రం రోజూ వస్తున్నాయి.

కూతురు ఆఫీసులో మూల డేటాబేసు తెరిచి చూశారు. అమ్మగారి రికార్డు ఉంది. అది ఒక వారంటీ కార్డు, ఒక పోటీ కూపను ద్వారా వచ్చింది. ‘ఒంటరి నివాసం’ అన్న గడిలో అవును అని ఉంది. నాలుగేళ్ల క్రితం తండ్రి పోయినప్పుడు, నెలవారీ శుభ్రతలో ఆయన పేరు తీసేసింది తానేనని అప్పుడు గుర్తొచ్చింది. ఆ తీసివేతతోనే యంత్రం అమ్మగారిని ఒంటరివారిగా లెక్కగట్టింది. వెంటనే అమ్మగారి పేరును సప్రెషన్ జాబితాలో, అంటే ఇక ఎవరికీ అమ్మకూడని పేర్ల జాబితాలో, పెట్టేశారు. అమ్మిన ఫైలులో ఆ పేరు ఉందో లేదో మాత్రం చూడలేదు. "అయిదు నిమిషాల పని. చేయలేకపోతున్నాను" అని రాశారు.

మామయ్యను కదిలిస్తే ఆయన అన్నది ఇది: "మనం అమ్మేది చిరునామాలు. వాళ్లు ఉత్తరంలో ఏం రాస్తారో, ఫోనులో ఏం మాట్లాడతారో మనకెందుకు? కత్తి అమ్మినవాడిని హత్యకు బాధ్యుడిని చేస్తారా?" సొంత అక్క మోసపోయిన సంగతి ఆయనకు ఇంకా తెలియదు.

ఆమె అడిగినవి నాలుగు. ఇది చట్టానికి విరుద్ధమా? ఉద్యోగం మానాలా? అమ్మకూ మామయ్యకూ చెప్పాలా? ఆ ఫైలు తెరవాలా?

జవాబు:

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అందులో లేని ఒక సంగతి దగ్గర ఆగిపోయాను. ‘ఇలాంటివాళ్లనే మరికొందరిని ఇవ్వండి’ అన్న ఆ రెండో ఆర్డరు ఏమైంది? పంపారా, ఇంకా మీ బల్ల మీదే ఉందా? నాలుగు పేజీలు రాసి ఆ ఒక్కటే చెప్పలేదు. దాని సంగతి తర్వాత చూద్దాం.

ముందు మీ నాన్నగారి పేరు గురించి. ఉత్తరమంతటిలో మిమ్మల్ని ఎక్కువ కోస్తున్నది అదేనని తెలుస్తూనే ఉంది. చనిపోయినవారి పేరు తీసేయడం ఈ వృత్తిలో చేసే మంచి పనుల్లో ఒకటి. పోయిన మనిషి పేర ‘మీకోసం ప్రత్యేకం’ అంటూ ఉత్తరం వచ్చిన ఇంట్లో ఆ కవరు అందుకున్నవారిని అడగండి, చెబుతారు. మీరు చేసింది సరైన పని. ఆ ఖాళీని ఒక సరుకుగా మార్చి, దానికొక గడి కట్టి, ఆ గడికి ధర పెట్టినవారు వేరు. ఈ అపరాధభావాన్ని ఇక్కడితో వదిలేయండి. మోయవలసిన బరువు వేరే ఉంది.

ఇక మీ మామయ్యగారి కత్తి సంగతి. వినడానికి బాగానే ఉంటుంది. కానీ కత్తి అమ్మేవాడు ఏ ఇంట్లో ముసలావిడ ఒంటరిగా ఉంటుందో, ఏ తలుపుకు గడియ సరిగా పడదో కాగితం మీద రాసి కత్తితోపాటు ఇవ్వడు. మీ కంపెనీ ఇచ్చింది ఆ కాగితమే. చిరునామా ఒక్కటే సరుకైతే ఆ కొనుగోలుదారు పాత టెలిఫోన్ డైరెక్టరీ కొనుక్కునేవాడు. అతను డబ్బిచ్చింది మూడు షరతులకు: వయసు, ఒంటరితనం, ఇంతకుముందు ఆశపడిన చరిత్ర. ఆ మూడూ ఒక్కచోట చేర్చమని అడిగినప్పుడే అతని ఉద్దేశం సగం బయటపడింది. పేర్ల పక్కన ‘డబ్బు కట్టారు’ అని రాసి తిరిగి పంపినప్పుడు మిగతా సగమూ బయటపడింది. ‘మనకెందుకు’ అనే మాటకు ఆ తర్వాత చోటు లేదు.

పైగా ఈ వృత్తికి ‘మనకెందుకు’ అనే అలవాటు మొదటినుంచీ లేదు. పోస్టులో ఉత్తరాలు పంపే కాలంలో జాబితా అద్దెకిచ్చేవారు, ఏ ఉత్తరం పంపబోతున్నారో నమూనా చూపించమనేవారు. చూసి నచ్చకపోతే ఇచ్చేవారు కాదు. జాబితా మధ్యలో తమ సొంత మనుషుల పేర్లు కొన్ని దాచేవారు. ఒప్పుకున్నది ఒకటి, పంపింది ఇంకొకటి అయితే ఆ ఉత్తరం నేరుగా వీళ్ల గుమ్మంలోకే వచ్చి పడేది. వాటిని సీడ్ పేర్లంటారని నాకంటే మీకే బాగా తెలుసు. మీ కంపెనీలో నమూనా అడిగే అలవాటు ఉందో, ఉండి ఎప్పుడు పోయిందో కనుక్కోండి. మామయ్యగారితో మాట్లాడేటప్పుడు నీతి కంటే ఇది ఎక్కువ పనికొస్తుంది. నీతి చెబితే ఆయనకు మేనకోడలు కనిపిస్తుంది. నమూనా ఏదని అడిగితే వ్యాపారం తెలిసిన ఉద్యోగి కనిపిస్తుంది.

చట్టం గురించి అడిగారు. మీరు ఏ దేశంలో ఉన్నారో రాయలేదు కాబట్టి కచ్చితంగా ఒక సెక్షను చూపించలేను. కానీ గాలి ఎటు వీస్తోందో చెప్పగలను. అమెరికాలో ఎప్సిలాన్ అనే పెద్ద మార్కెటింగ్ డేటా కంపెనీ ఉంది. దానిలోని ఒక విభాగం మూడు కోట్లకు పైగా వినియోగదారుల వివరాలను వృద్ధులను మోసగించే ముఠాలకు అమ్మిందని అక్కడి న్యాయశాఖ కేసు పెట్టింది. 2021 జనవరిలో కంపెనీ 15 కోట్ల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. అందులో 12.75 కోట్లు మోసపోయినవారికి పరిహారం. ఆ విభాగం చేసినది మీ కొనుగోలుదారు అడిగిన పనే: ఇంతకుముందు ఎవరు జవాబిచ్చారో చూసి, వారిని పోలినవారిని లెక్కగట్టి అందించడం. 2024లో జ్యూరీ ఇద్దరు మాజీ ఉద్యోగులను దోషులుగా తేల్చింది. ‘ఉద్యోగులు’ అన్న మాట మళ్లీ చదవండి. ‘నేను చెప్పింది చేశాను’ అన్న గొడుగు అనుకున్నంత వెడల్పుగా ఉండదు. మిమ్మల్ని భయపెట్టాలని చెప్పడం లేదు. మొదటి ఆర్డరు నాటికి మీకు తెలియదు, రెండో ఆర్డరు నాటికి తెలుసు. కోర్టులు తేడా వెతికేది అక్కడే.

‘అంతా బహిరంగ సమాచారమే కదా’ అన్న వాదన కూడా మీ ఆఫీసులో వినిపిస్తూ ఉంటుంది. పోటీ కూపను మీద రాసిచ్చిన చిరునామా బహిరంగం ఎలా అవుతుంది? ఒకరికి, ఒక పని కోసం ఇచ్చింది అది. భారతదేశం 2023లో చేసిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, మనిషి తనంతట తాను బహిరంగపరచిన వివరాలను మినహాయించింది. కూపను డబ్బాలో వేసినదాన్ని ఆ మాట కిందికి తేవడం కష్టం. ఐరోపాలో 2018 నుంచి అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం, ప్రచారానికి నా వివరాలు వాడవద్దని ఎవరైనా అంటే ఆపాల్సిందే, కారణం చెప్పనక్కర్లేదు. వేరేచోటి నుంచి వివరాలు తెచ్చుకున్నవారు ఆ సంగతి సాధారణంగా నెల లోపల సదరు మనిషికి తెలియజేయాలి కూడా.

ఆ చివరి నియమం సంస్థల జాబితాలకూ తగులుతుంది. ఇది ఎందుకు చెబుతున్నానంటే, ‘పోనీ సంస్థల విభాగానికి మారిపోనా’ అని మీ ఉత్తరం అంచున రాశారు. ఆ వైపు నిజంగానే గౌరవప్రదమైన చరిత్ర ఉంది. 1841లో న్యూయార్కులో లూయిస్ టాపన్ మొదలుపెట్టిన మర్కంటైల్ ఏజెన్సీ, దూరాన ఉన్న వర్తకుడికి అరువు ఇవ్వవచ్చా లేదా అన్న సమాచారాన్ని అమ్మేది. సంస్థల వివరాలు అమ్మే నేటి డన్ అండ్ బ్రాడ్‌స్ట్రీట్ కంపెనీకి మూలం అదే. ముఖం తెలియని ఇద్దరు వ్యాపారం చేసుకోవాలంటే మధ్యలో అలాంటిదొకటి ఉండాలి. కానీ ఒంటరిగా చిన్న వ్యాపారం చేసుకునేవారి విషయంలో సంస్థ ఫోను నంబరూ ఇంటి ఫోను నంబరూ ఒకటే. పోలండ్‌లో ఒక కంపెనీ ప్రభుత్వ రిజిస్టర్ల నుంచి అలాంటివారి వివరాలు లక్షల సంఖ్యలో తీసుకుని, ఈమెయిలు దొరికినవారికి మాత్రమే తెలియజేసింది. మిగిలినవారికి ఉత్తరాలు రాయాలంటే ఖర్చు ఎక్కువని వాదించింది. అక్కడి డేటా రక్షణ అధికారులు ఆ వాదనను ఒప్పుకోలేదు, 2019లో జరిమానా వేశారు. కాబట్టి విభాగం మారితే ఊపిరి పీల్చుకోవచ్చు, కళ్లు మూసుకోవడానికి కుదరదు.

ఇప్పుడు మీరు అడగని ప్రశ్న ఒకటి. అమ్మగారి రికార్డు కనబడగానే సప్రెషన్ జాబితాలో పెట్టారు. మామూలుగా తొలగించి వదిలేస్తే వచ్చే నెల అదే వారంటీ కార్డు ఫైలుతో మళ్లీ వస్తుందని తెలిసిన మనిషి కాబట్టి సరిగ్గా చేశారు. అమ్మ కోసం ఏ కూతురైనా చేస్తుంది. మరి మిగిలిన పదకొండు వేల మంది? వాళ్లలో ఎవరి పిల్లలకూ మీ ఆఫీసు తాళంచెవి లేదు.

ఇది ఎత్తిపొడుపుగా అనలేదు. మామయ్యగారికి చెప్పాలా వద్దా అన్నదానికి జవాబు ఇందులోనే ఉంది. ‘మన జాబితా వల్ల మీ అక్కే మోసపోయింది’ అని రేపు చెప్పారనుకోండి. ఆయన కదిలిపోతారు, సందేహం లేదు. మొదట అక్క పేరు తీయించారా అని అడుగుతారు. తీయించానంటే, పోయిన డబ్బు తానే ఇస్తానంటారు, బహుశా ఇస్తారు కూడా. ఆ రాత్రి ఆయనకు నిద్రపట్టేస్తుంది. సమస్య ఇంటి సమస్యగా మారి, ఇంట్లోనే పరిష్కారమైపోతుంది. కొనుగోలుదారు మాత్రం కొనుగోలుదారుగానే మిగులుతాడు. అందుకే వరుస మార్చమంటాను. ముందు ఉద్యోగిగా, రాతపూర్వకంగా అడగండి: ఈ కొనుగోలుదారు ఎవరు, ఏం అమ్ముతాడు, ఏ మాటలతో పిలుస్తాడు, నమూనా ఏది, డబ్బు కట్టినవారికి ఏమైనా అందిందా. జవాబు వచ్చేదాకా రెండో ఆర్డరు ఆపుతున్నానని అందులోనే రాయండి. అక్క సంగతి ఆ తర్వాత, ఇంటి దగ్గర, మేనకోడలిగా చెప్పండి. దాచమని అనను. ఆయన చదివించిన పిల్ల ఆయన దగ్గర అంత పెద్ద విషయం దాస్తే, తర్వాత బయటపడినప్పుడు తగిలే దెబ్బ వేరుగా ఉంటుంది.

రెండో ఆర్డరు ఇప్పటికే పంపేశారా? అయితే ఆ మాట కూడా ఆ కాగితంలోనే రాయండి, ఏ తేదీన పంపారో సహా. దాచుకున్నకొద్దీ అది మీ ఒక్కరి ఆర్డరు అవుతుంది.

ఉద్యోగం మానాలా అన్నదానికి తొందరపడి అవునన్నా కాదన్నా తప్పే. ఉండి మార్చాలనుకుంటే మీ చేతిలో కొంత బలం ఉంది: తొమ్మిదేళ్ల అనుభవం, యజమాని దగ్గర చనువు, ఎక్కడ ఏ గడి ఎలా నిండుతుందో తెలిసిన జ్ఞానం. అడగవలసినవీ పెద్దవేం కావు. డెబ్బై దాటినవారి ఎంపికలకు ఇంకొకరి సంతకం తప్పనిసరి చేయడం. ఒంటరితనాన్నీ పోటీల చరిత్రనూ కలిపి అమ్మకపోవడం. నమూనా లేనిదే ఫైలు కదలకపోవడం. వద్దని చెప్పడానికి వచ్చినవారి కోసం ఒక తిన్నని దారి. దీనికి చెల్లించే మూల్యం కూడా చెప్పాలి. అమ్మకాల విభాగం మిమ్మల్ని అడ్డుపుల్లగా చూస్తుంది. మామయ్యగారు సగం ఒప్పుకుని సగం వాయిదా వేస్తారు. మీరు ఉన్నారన్న మాటే కంపెనీకి సర్టిఫికెట్టుగా మారే ప్రమాదమూ ఉంది. మూడు నెలల గడువు మీకు మీరే పెట్టుకోండి. అప్పటికి ఆ కొనుగోలుదారు ఖాతా ఇంకా తెరిచే ఉంటే మీకు జవాబు దొరికినట్టే.

మౌనంగా మానేస్తే ఇంట్లో గొడవ తక్కువ, మనసుకు శాంతి త్వరగా. కానీ మీ కుర్చీలో ఇంకొకరు కూర్చుంటారు, ఫైలు మధ్యాహ్నానికే వెళ్లిపోతుంది. బయట అధికారులకు చెప్పి మానేయడం మూడో దారి. అన్నిటికంటే బరువైనది, బంధుత్వం తట్టుకోకపోవచ్చు. మామయ్యగారు అన్నీ తెలిసి కూడా అమ్ముతూనే ఉంటే ఆ దారి గురించి ఆలోచించాల్సిందే. అయితే ఒక హెచ్చరిక. సాక్ష్యం కోసమని ఏ ఫైలునూ ఇంటికి తెచ్చుకోకండి, సొంత మెయిలుకు పంపుకోకండి. పదకొండు వేల మంది వివరాలు మీ లాప్‌టాప్‌లో ఉంటే అది మీ మీద కేసవుతుంది. ఆర్డరు తేదీలు, ఎవరు ఏమన్నారు, మీరు ఏ రోజు అభ్యంతరం చెప్పారు అన్నవి సొంత పుస్తకంలో చేత్తో రాసుకోండి. పేర్లూ నంబర్లూ వద్దు. తర్వాత న్యాయవాదిని కలవండి.

ఆ ఫైలు కూడా తెరవద్దంటాను. అమ్మగారి పేరు అందులో ఉందని తేలితే మీరు విరిగిపోతారు. లేదని తేలితే ఊరట కలుగుతుంది. ఆ ఊరటే ఎక్కువ భయపెడుతోంది నన్ను, ఎందుకంటే ఆ రోజే ఈ ఉత్తరాన్ని చింపేస్తారు. పేరు ఉన్నా లేకపోయినా ఆ ఆర్డరు ఆర్డరే. ఇంకో సంగతి, ఆఫీసు లాగిన్‌తో ఇంటివాళ్ల రికార్డులు వెతకడం మీరనుకున్నంత చిన్న విషయం కాదు. ఒకసారి చేశారు, ఇక చాలు. తెలుసుకోవాలంటే ముందు గుమ్మం ఉంది. ‘నా గురించి మీ దగ్గర ఏముంది, ఎక్కడినుంచి వచ్చింది, ఎవరికి ఇచ్చారు’ అని అమ్మగారే తన సంతకంతో మీ కంపెనీకి ఉత్తరం రాయవచ్చు. చాలా దేశాల్లో ఇప్పుడు అది హక్కు. తమ్ముడి కంపెనీకి అక్క రాసిన అర్జీ ఆయన బల్ల మీదికి వెళ్లిన రోజు, కత్తి వాదన వినిపిస్తుందో లేదో చూడాలని నాకూ ఉంది.

అది వారాల పని. అమ్మగారితో మాట్లాడటం మాత్రం ఈ సాయంత్రమే. ఒకసారి డబ్బు కట్టినవారి పేరు చేతులు మారుతుంది, ఖరీదు పెరుగుతుంది. తర్వాత వచ్చే ఫోనులో బహుమతి ఊసుండదు. ‘మిమ్మల్ని మోసం చేసినవారిని పట్టుకున్నాం, మీ డబ్బు వెనక్కి ఇప్పిస్తాం, కాస్త రుసుము కట్టండి’ అంటారు. గోరుచుట్టుపై రోకటిపోటు అదే. మీ కంపెనీ సంగతి ఈరోజే చెప్పనక్కర్లేదు, ఎందుకు పంపావని మందలించనూ వద్దు. మందలిస్తే వచ్చే ఫోను గురించి మీకు చెప్పరు. డబ్బు ఏ ఖాతాకు వెళ్లిందో కనుక్కుని బ్యాంకుకు తెలియజేయండి, ఫిర్యాదు నమోదు చేయించండి. తెలియని నంబరు మోగితే ఎత్తకుండా ముందు మీకు చేయమని చెప్పండి. ఆఫీసు వేళైనా సరే ఎత్తుతానని మాటివ్వండి.